ఎవరికి ఋణపడ్డాం? పండిత రమాబాయి ‘సాక్ష్యం’ చదువుతూ

స్త్రీవాద చరిత్రలో పండిత రమాబాయికి (1858–1922) మనం పెద్ద చోటే ఇచ్చాం. కానీ ఆ చోటు ఇచ్చింది సగం రమాబాయికి. 1882లో హంటర్ కమిషన్ ముందు హాజరై ఆడపిల్లలకి స్త్రీ టీచర్లు, స్త్రీ డాక్టర్లు కావాలని వాదించిన రమాబాయి మనకి కావాలి. 1887లో ‘ది హై కాస్ట్ హిందూ వుమన్’ రాసి, అగ్రవర్ణ ఇళ్ళలో బాల్యవివాహం, వైధవ్యం ఎలా పనిచేస్తాయో ప్రపంచం ముందు పెట్టిన రమాబాయి కావాలి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, శూద్రుడిగా లెక్కకొచ్చే బెంగాలీ వకీలుని రిజిస్టర్ పెళ్ళి చేసుకున్న రమాబాయి మరీ కావాలి. 1907లో ఆమె ఇంగ్లీషులో రాసిన ‘ఎ టెస్టిమొనీ ఆఫ్ అవర్ ఇనెగ్జాస్టిబుల్ ట్రెజర్’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన గొంతు తగ్గిపోతుంది. తరగని నిధిని గురించిన సాక్ష్యం అని దాని అర్థం. పాపం, రక్షణ, క్రీస్తు ప్రేమ, స్తోత్రం, కృతజ్ఞత - ఈ మాటలు కనపడగానే, అలసిపోయి దేవుడి పంచన చేరింది అనో, మిషనరీల ప్రభావం అనో ఒక వాక్యం రాసి ముందుకి జరిగిపోతాం.

ఆ చిన్న పుస్తకాన్ని సాహిత్యంగా చదవాలని నా ప్రయత్నం. దాన్ని భక్తి పుస్తకమని పక్కన పెట్టేస్తే రమాబాయి స్త్రీవాదంలో సగం మనకి అందదు. ఎందుకంటే అందులో ఆమె వేసుకున్న ప్రశ్న మన ప్రశ్నే. ఆడది ఎవరికి ఋణపడి ఉంటుంది? కని పెంచినందుకు తండ్రికి, తాళి కట్టినందుకు మొగుడికి, చదువు చెప్పించినందుకు సంస్కర్తకి, ఆశ్రయమిచ్చినందుకు ఆశ్రమానికి... ఈ జాబితా ఆడవాళ్ళందరికీ తెలిసిందే. మగవాడు చేసిన మేలుకి కృతజ్ఞత చెప్తే అది సంస్కారం. ఆడది చెప్తే అది కనీస బాధ్యత, చెప్పకపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు. రమాబాయి జీవితమంతా ఈ ఋణాల మధ్య నడిచింది. ఆ లెక్కలన్నిటినీ ఆమె ఒక్క ‘సాక్ష్యం’లో తేల్చుకుంది.

ముందు ‘విమోచన’ అనే మాట సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో సెప్టెంబర్ 17 వచ్చిందంటే విమోచనా, విలీనమా, విద్రోహమా అని తగాదా పడుతూ ఉంటాం కాబట్టి ఆ మాట మనకి రాజకీయంగా బాగా పరిచయం. క్రైస్తవ పరిభాషలో దాని మూలం బజారులోనిది. తాకట్టులో ఉన్నదాన్ని వెల చెల్లించి విడిపించుకోవడం, బానిసని సొమ్ము కట్టి విడిపించడం - ఇంతే. పాత నిబంధనలో ఈ విడిపించే హక్కు దగ్గరి బంధువైన మగవాడిది. రూతు గ్రంథంలో బోయజు చనిపోయినవాడి పొలాన్ని విడిపిస్తూ, దాంతోపాటు ఆ ఇంటి కోడలిని, విధవరాలైన రూతుని కూడా స్వీకరిస్తాడు. కథ చాలా అందంగా ఉంటుంది. పొలమూ విధవా ఒకే బేరంలో చేతులు మారతారన్న సంగతి ఆ అందంలో కలిసిపోతుంది. స్త్రీవాదులకి విమోచన సిద్ధాంతం అంటే ఉన్న అనుమానానికి బలమైన కారణమే ఉంది. నిన్ను కొని విడిపించినవాడు నీ కొత్త యజమాని కాడా? ఈ ప్రశ్నని పట్టుకునే నేను రమాబాయిని చదువుతాను.

‘సాక్ష్యం’ డబ్బుతోనే మొదలవుతుందని చెప్పొచ్చు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పినందుకు తోటి పండితుల విమర్శకి గురై పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో కాపురం పెట్టినవాడు. రమాబాయి పుట్టింది అక్కడే. తల్లే గురువు. కొన్నాళ్ళకి కుటుంబం మొత్తం దేశం మీద పడి, పుణ్యక్షేత్రాల్లో పురాణం చెప్పుకుంటూ బతికింది. చేతికొచ్చినది దానాలకి, వ్రతాలకి, బ్రాహ్మణ సంతర్పణలకి వెళ్ళిపోయేది. శాస్త్రం చెప్పినవన్నీ చేస్తే దేవుడు కరుణిస్తాడు, సంపద తిరిగొస్తుంది అని నమ్మకం. ఆ నమ్మకం చివరికి వాళ్ళని తీసుకొచ్చిన చోటు మన తిరుపతి కొండ. మద్రాసు రాజధానిలో కరవు నడుస్తున్న రోజులవి. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయాక, తెలిసినవాళ్ళ ముందు చెయ్యి చాచడం కంటే చావడం మేలనుకుని ఆ కుటుంబం తిరుపతి అడవిలోకి వెళ్ళింది. పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపళ్ళు. వృద్ధుడైన తండ్రి పుణ్యతీర్థంలో జలసమాధి అవుతానన్నాడు. కొడుకు శ్రీనివాసుడు అడ్డుపడి, కులగౌరవం వదిలేసి కూలిపని చేసైనా పోషిస్తానన్నాడు. 1874లో తండ్రి చనిపోయాడు. తర్వాత తల్లి, ఆ తర్వాత అక్క. తెలుగు సాహిత్యంలో తిరుపతిని గురించి ఎన్ని వేల పుటలున్నాయో! ఆ కొండ పాదంలో ఆకలితో కూర్చున్న ఈ పదహారేళ్ళ సంస్కృత పండితురాలి సంగతిని మన సాహిత్యంలోకి తెచ్చుకోవడం మాత్రం మనకి పెద్దగా తోచలేదు.

ఈ నేపథ్యం తెలిశాక 1907 నాటి పుస్తకం పేరులో ఉన్న ‘తరగని నిధి’ అనే మాట మామూలు భక్తి అలంకారంలా వినపడదు. ఒక నిధి తరిగిపోవడం, చిల్లిగవ్వ మిగలకుండా తరిగిపోవడం, ఆమె కళ్ళతో చూసింది. దేవుడితో సంబంధం అంటే ఇవ్వడం, ఇంకా ఇవ్వడం, ఇచ్చినకొద్దీ చాలకపోవడం. ఆమెని తర్వాత పట్టి ఆపిన క్రైస్తవ భావన దీనికి పూర్తి విరుద్ధం. వెల ఇదివరకే చెల్లిపోయింది, నువ్వు కట్టాల్సిందేమీ లేదు. కృప అనే మాటకి ఆమె పుస్తకంలో ఉన్న వేడి ఇక్కడిది. ఒక వేదాంత సూత్రం నచ్చి కాదు, అప్పులవాళ్ళు వాకిట్లోంచి లేచి వెళ్ళిపోయినప్పుడు ఇంటావిడ వదిలే ఊపిరి అది.

తండ్రి చనిపోయే ముందు చిన్నకూతుర్ని దగ్గరికి తీసుకుని, నిన్ను దేవుడి చేతిలో పెట్టాను, నువ్వు ఆయనకే చెందుతావు, జీవితాంతం ఆయన్నే సేవించు అనే అర్థం వచ్చేలా చెప్పాడని రమాబాయి రాస్తుంది. పెద్దకూతురికి బాల్యవివాహం చేసి, అది చెడిపోయాక, చిన్నకూతురికి పెళ్ళి చెయ్యకుండా ఉండిపోయిన తండ్రి. కన్యాదానం చెయ్యాల్సిన చోట ఆయన కూతుర్ని దేవుడికిచ్చాడు. ఆయన చెప్పిన దేవుడు విష్ణువు. ఆ మాటని రమాబాయి ఇంకో దేవుడికి అన్వయించుకుని, తన తండ్రి ప్రార్థన ఫలించిందని నమ్మింది. హిందూ పాఠకులకి ఇది ద్రోహంలా, క్రైస్తవ పాఠకులకి ముందస్తు సూచనలా అనిపించొచ్చు. నన్ను పట్టుకునేది మాత్రం అందులో ఉన్న ‘ఆయనకే’లోని ‘కే’. మొగుడికి కాదు, కులానికి కాదు, శాస్త్రానికి కాదు. ఆ ఒక్క ప్రత్యయం మీదే ఆమె మిగతా జీవితమంతా నిలబడి ఉందని నాకనిపిస్తుంది.

కలకత్తా రోజులు అందరికీ తెలిసినవే. 1878లో పండితులు ఆమెకి ‘పండిత’, ‘సరస్వతి’ అని బిరుదులిచ్చారు. స్త్రీలకి ఉపన్యాసాలివ్వడం కోసం ధర్మశాస్త్రాలు చదవడం మొదలుపెట్టాక ఆమెకి అర్థమైన సంగతి ‘సాక్ష్యం’లో చాలా పదునుగా ఉంటుంది. ఆ గ్రంథాలు ఏ విషయం మీదా ఏకీభవించవు, ఒక్క స్త్రీ విషయంలో తప్ప. ఆడది రాక్షసులకన్నా నీచం, ఆమెకి మోక్షార్హత లేదు, మొగుడిని దేవుడిగా కొలిస్తే ఏమన్నా ఆశ. ఇక్కడ రమాబాయి చేసింది పాఠ్య విమర్శ. మనం వందేళ్ళ తర్వాత సెమినార్లలో చేసింది ఆమె భక్తి పుస్తకం మధ్యలో ఒకటి రెండు పేజీల్లో చేసేసింది. ‘స్త్రీధర్మనీతి’ (1882) రాసిన నాటి సంస్కర్త గొంతు కంటే ఇది చాలా ముందుకెళ్ళిన గొంతు. భక్తురాలయ్యాక ఆమె మెత్తబడిందనే వాళ్ళు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

భర్త బిపిన్ బిహారీ దాస్ మేధావి 1882లో కలరాతో పోయాడు. కూతురు మనోరమ చంటిపిల్ల. 1883లో రమాబాయి ఇంగ్లండ్ వెళ్ళి వాంటేజ్‌లో ఆంగ్లికన్ సిస్టర్ల దగ్గర ఉంది, ఆ ఏడు సెప్టెంబర్ 29న బాప్తిస్మం తీసుకుంది. ఏ వాదన ఆమెని ఒప్పించింది? ‘సాక్ష్యం’ చెప్పే జవాబు వాదన కాదు, ఒక సందర్శన. ఆ సిస్టర్లు లండన్‌లోని ఫుల్‌హమ్‌లో ‘చెడిపోయిన’ ఆడవాళ్ళ కోసం నడిపే శరణాలయాన్ని ఆమె చూసింది. లోకం వెలేసిన ఆడవాళ్ళని అక్కడ ప్రేమగా చూసుకోవడం, అలా మారినవాళ్ళు తమలాంటి ఇంకొందరికి సేవ చెయ్యడం ఆమెని కదిలించింది. ఇలా ఎందుకు చేస్తారని అడిగితే సిస్టర్లు యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించారు. బావి దగ్గర దాహానికి నీళ్ళడిగిన యేసు, ఐదుగురు భర్తలున్న, తక్కువజాతిగా ఎంచే ఆడదానితో ఆరాధన గురించి మాట్లాడిన కథ. దైవప్రేమ అనేది రమాబాయికి మొట్టమొదట ఈ రూపంలో కనపడింది: శాస్త్రాలన్నీ కలిసి కాదు పొమ్మన్న మనిషితో దేవుడు కూర్చుని మాట్లాడటం. దీన్ని స్త్రీవాద క్షణం అనకపోతే ఇంకేమనాలో నాకు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత కేడ్గాంలో అలాంటి స్త్రీల కోసమే ఆమె ‘కృపాసదన్’ పెట్టింది. పేరులో కృప ఊరికే రాలేదు.

ఇప్పుడు ఋణం సంగతి. బాప్తిస్మం ఇప్పించినవాళ్ళు, తిండి పెట్టినవాళ్ళు, పిల్లని చూసుకున్నవాళ్ళు వాంటేజ్ సిస్టర్లు. వాళ్ళలో సిస్టర్ జెరాల్డిన్‌ని రమాబాయి మరాఠీలో ‘ఆజీబాయి’ అని పిలిచేది, అంటే అమ్మమ్మ. ఈ ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలని జెరాల్డినే సేకరించి పెట్టింది, 1977లో ఎ.బి. షా సంపాదకత్వంలో అవి పుస్తకంగా వచ్చాయి. వలసపాలన, మతం, స్త్రీల మధ్య అధికారం - వీటిని గురించి మాట్లాడాలనుకునేవాళ్ళు తప్పక చదవాల్సిన పుస్తకం. తగాదాలు ఎంత చిన్న విషయాల నుంచి ఎంత పెద్ద విషయాలకి వెళ్తాయో! రమాబాయి శాకాహారం వదలదు. సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, మన సంస్కృతం ఎందుకు ఉండకూడదు అంటుంది. మగవాళ్ళకి పాఠం చెప్పొద్దని బిషప్పులు అభ్యంతరపెడితే, మా దేశంలో మగవాళ్ళ సభల్లో మాట్లాడి వచ్చినదాన్ని నేను అని ఎదురుతిరుగుతుంది. త్రిత్వ సిద్ధాంతం తనకి నమ్మకం కలగనిదే తన కూతురికి నేర్పొద్దంటుంది. జెరాల్డిన్‌కి ఇదంతా గర్వంగా, అవిధేయతగా కనపడింది. ఇంత చేశామే అన్న నొప్పి ఆ ఉత్తరాల్లో అడుగడుగునా వినపడుతుంది. రమాబాయి జవాబు తేలిగ్గా మరచిపోయేది కాదు. ఒక పురోహిత వర్గం కాడిని ఎంతో కష్టపడి దింపుకున్నాను, ఇంకొకటి ఎత్తుకోవడానికి సిద్ధంగా లేను అనే ధోరణిలో ఆమె రాసింది.

మన అధ్యయనాల్లో ఈ ఉత్తరాలకి మంచి గుర్తింపే వచ్చింది. 1998లో వచ్చిన ఉమా చక్రవర్తి పుస్తకం రమాబాయిని జాతీయవాద చరిత్ర ఎలా పక్కకి నెట్టేసిందో చూపించింది. అదే ఏడు గౌరీ విశ్వనాథన్ మతమార్పిడిని అసమ్మతి రూపంగా చదివింది. మీరా కోసంబి అనువాదాలు, సంకలనాలు లేకపోతే మరాఠీ రానివాళ్ళం రమాబాయిని ఇంత దగ్గరగా చదవగలిగేవాళ్ళమే కాదు. ఈ ముగ్గురికీ ఋణపడి ఉన్నాను (చూశారా, ఈ మాట ఎంత అలవాటుగా వచ్చేస్తుందో!). కానీ మనం వాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువగా తీసుకున్నది వాదించే రమాబాయిని. మోకాళ్ళ మీద ఉన్న రమాబాయితో ఏం చెయ్యాలో మనకి తోచదు. ఎదురు చెప్పడం స్వేచ్ఛ, స్తుతించడం లొంగుబాటు అని మనం ముందే నిర్ణయించేసుకున్నాం.

ఆ ఇద్దరూ వేరు కాదని నా వాదన. బాప్తిస్మం తర్వాత ఎనిమిదేళ్ళకి, 1891 ప్రాంతంలో, తనకి క్రైస్తవ మతం దొరికిందే తప్ప దానికి ప్రాణమైన క్రీస్తు దొరకలేదని గ్రహించినట్టు ఆమె రాస్తుంది. అంతవరకూ చర్చీలు, శాఖలు, సిద్ధాంతాలు. అప్పుడు కలిగిన విమోచన అనుభవం నేరుగా ఆమెకీ దేవుడికీ మధ్య జరిగింది. దీని ఫలితాన్ని లోకం వైపు నుంచి చూడండి. రక్షణ దేవుడే ఇచ్చాడు అంటే సిస్టర్లు ఇవ్వలేదు. ప్రాణం ఆయన నిలిపాడు అంటే మొగుడు, మామ, సంస్కర్త నిలపలేదు. స్తోత్రం మొత్తం ఒక్క చోటికే వెళ్తే మిగతా అందరి ఖాతాలూ మూసుకుపోతాయి. వాళ్ళమీద ప్రేమ ఉండొచ్చు, స్నేహం ఉండొచ్చు, ఋణం ఉండదు. ‘సాక్ష్యం’లో వాంటేజ్ తగాదాల వివరాలు లేకపోవడం నాకు మొదట లోపంగా అనిపించేది. ఇప్పుడు అదే ఆ పుస్తకపు తీర్పనిపిస్తుంది. అప్పు లేనిచోట తగాదా రాయాల్సిన పనేముంది?

ఇది పుస్తకంలో మిగిలిపోయిన సిద్ధాంతం కాదు. 1889 మార్చి 11న బొంబాయిలో ఆమె మొదలుపెట్టిన శారదాసదన్ అమెరికన్ విరాళాలతో నడిచింది, మతం విషయంలో తటస్థంగా ఉంటానన్న హామీతో నడిచింది. 1890లో అది పూనాకి మారింది. ఆమె తన గదిలో తలుపు తీసి పెట్టుకుని ప్రార్థన చేసుకునేది, వచ్చి కూర్చున్న పిల్లల్ని పొమ్మనేది కాదు. ఇది పెద్ద గొడవై, 1893లో రానడే, భండార్కర్ వంటివాళ్ళు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. కొందరు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని వెనక్కి తీసుకుపోయారు. తిలక్ ‘కేసరి’ దాడి సరే సరి. జోతిరావు ఫూలే మాత్రం అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1885లో, ‘సత్సార్’లో ఆమె మతమార్పిడిని సమర్థించాడు. శూద్రాతిశూద్రుల వైపు నుంచి చూసినవాడికి ఆమె చేసిన పనిలో అర్థం కనపడింది, పూనా సంస్కర్తలకి కనపడలేదు. హామీ ఇచ్చింది కదా, తప్పింది కదా అనే ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. తలుపు తీసి ఉంచడంలో కూడా ఒక ఆహ్వానం ఉంటుంది, అది ఆమెకీ తెలుసు. కానీ సంస్కర్తల కోపంలో ఆ హామీ ఒక్కటే లేదు. మేం నిలబెట్టిన మనిషి మా మాట వినకపోవడమేమిటన్న విస్తుబాటు కూడా ఉంది. ఆమె తలుపు మూసుకోలేదు.

చర్చిలో స్త్రీల కూటాల్లో కూర్చుని పెరిగినవాళ్ళకి ‘సాక్ష్యం’ ఒక ప్రక్రియగా బాగా తెలుసు. మన తెలుగు ఊళ్ళలో స్త్రీల మైత్రి కూటాల్లో, స్త్రీల సమాజాల్లో, ఇళ్ళలో జరిగే ప్రార్థనల్లో ఒక్కొక్కరూ లేచి చెప్తారు. మొగుడి తాగుడు, పిల్లాడి జబ్బు, అత్తింటి బాధ, చావాలనుకున్న రాత్రి, వాక్యం ఆదుకున్న తీరు. పంచాయితీలో నోరెత్తనివ్వని ఆడదాని మాట అక్కడ ఎవరూ మధ్యలో అడ్డుకోకుండా వింటారు. మధ్యమధ్య ‘స్తోత్రం’ అంటారంతే. చదువు రాని స్త్రీ ‘నేను’ అని మొదలుపెట్టి తన కథ తాను చెప్పుకునే చోట్లు మనకి ఎన్ని ఉన్నాయి? స్త్రీల ఆత్మకథల మీద ఇన్ని వ్యాసాలు రాసుకున్న మనం ఈ మౌఖిక సాహిత్యాన్ని పట్టించుకున్నది బహు తక్కువ. అయితే ఆ ప్రక్రియకి ఒక కట్టుబాటుంది. అది కృతజ్ఞతతోనే ముగియాలి. మొగుడు ఇంకా తాగుతూనే ఉన్నా, దెబ్బ ఇంకా మానకపోయినా, చివర్లో దేవుడికి వందనాలు చెప్పే కూర్చోవాలి. అలా చెప్పి కూర్చున్నాక ఆ దెబ్బ గురించి ఇంకేమీ చెయ్యక్కర్లేదని వినేవాళ్ళూ అనుకుంటారు, సంఘపెద్దలూ అనుకుంటారు. రమాబాయి ‘సాక్ష్యం’ కూడా ఆ ప్రక్రియలోనిదే, అదే వరసలో నడుస్తుంది. తేడా ఎక్కడంటే, ఆమె స్తోత్రం చెప్పి కూర్చోలేదు. లేచి వెళ్ళి వంద ఎకరాల వ్యవహారం నడిపింది అని సరదాగా అనబోయాను గానీ, ఆ వ్యవహారాన్ని సరదాగా చూడటానికి లేదు.

1896–97 కరవులో సెంట్రల్ ప్రావిన్సెస్‌కి వెళ్ళి ఆమె వందల మంది ఆడపిల్లల్ని తీసుకొచ్చింది. తిరుపతి అడవిలో తన ఆకలి గురించి ఆమె రాసింది కూడా ఆ కరవు నేపథ్యంలోనే. పూనాకి కొంత దూరంలోని కేడ్గాంలో ‘ముక్తి’ వెలిసింది. 1900 నాటి గుజరాత్ కరవు తర్వాత అక్కడ ఉన్నవాళ్ళ సంఖ్య రెండువేలకి దగ్గరపడింది. ‘ముక్తి’ అనే పేరుని చూడండి. జన్మరాహిత్యానికి వాడే మాట, శాస్త్రాలు ఆడదానికి నిరాకరించిన మాట. దాన్ని ఆమె గానుగ, పాడి, మగ్గాలు, బడి, అచ్చు యంత్రం ఉన్న చోటికి పెట్టింది. లోకం నుంచి విడుదల కాదు, పనిలోకి విడుదల. గ్రీకు, హీబ్రూ నేర్చుకుని ఆమె బైబిల్‌ని మరాఠీలోకి తెచ్చింది. అందులో సంస్కృత పాండిత్యపు బరువు లేకుండా, మామూలు ఆడవాళ్ళకి అర్థమయ్యేలా ఉండాలని పట్టుబట్టింది. ఆ అక్షరాలు కూర్చి అచ్చువేసింది ముక్తి స్త్రీలే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక స్త్రీ అనువదించి, స్త్రీలు అచ్చువేసిన బైబిల్! దాని గురించి మన అనువాద అధ్యయనాల్లో రావలసినంత చర్చ ఇంకా రాలేదు.

కానీ ఇక్కడే నా వాదన నాకే ఎదురు తిరుగుతుంది. దేవుడికే ఋణం అనుకోవడం రమాబాయిని అందరి నుంచీ విడిపించింది, నిజమే. ఆమె విడిపించిన పిల్లల సంగతి? ఆకలితో చావబోయే పన్నెండేళ్ళ పిల్లకి అన్నం పెట్టిన చెయ్యే ప్రార్థన కూడా నేర్పితే, ఆ పిల్ల చెప్పే స్తోత్రంలో దేవుడికి ఎంత, అన్నానికి ఎంత, బాయికి ఎంత? శారదాసదన్‌లో తటస్థత మాటైనా ఉండేది. ముక్తి బాహాటంగా క్రైస్తవ సంస్థ. 1905లో అక్కడ మొదలైన ఉజ్జీవంలో వందల మంది పిల్లలు ఏడ్చారు, పాపాలు ఒప్పుకున్నారు, గుంపులుగా ప్రార్థన చేశారు, ఊళ్ళలోకి సువార్తకి వెళ్ళారు. ఆ ఏడుపుని వట్టి మూకోన్మాదమని తీసిపారేసిన వాళ్ళున్నారు. నేనలా అనను. కరవులో తల్లినీ చెల్లినీ పోగొట్టుకుని ఏడవడానికి తీరిక దొరకని పిల్లలకి గొంతెత్తి ఏడ్చే చోటు దొరికిందని కూడా దాన్ని చదవొచ్చు. కానీ వాళ్ళు ఒప్పుకున్నది పాపం. వాళ్ళ మీద జరిగిన దాన్ని చెప్పుకోవడానికి వాళ్ళకి దొరికిన భాష, తాము చేసినదాన్ని ఒప్పుకునే భాష. అది నన్ను కలవరపెడుతుంది. వాళ్ళ కథలు ‘ముక్తి ప్రేయర్ బెల్’ లాంటి పత్రికల్లో, విరాళాలిచ్చే దూరదేశపు పాఠకులు చదువుకోవడానికి అచ్చయ్యేవి. విరాళం ఇచ్చేవాడు చదివే పేజీలో కృతజ్ఞత తప్ప ఇంకేం రాస్తారు? జెరాల్డిన్‌కి రమాబాయి రాసిన లాంటి ఉత్తరం రమాబాయికి ఒక ముక్తి పిల్ల రాయగలిగేదా అని నేను చాలాసార్లు అనుకుంటాను. అలాంటి ఉత్తరం రాయడానికి సంస్కృతం, బిరుదులు, వెనక్కి వెళ్ళగల ఒక పేరు ఉండాలి. ఉత్తరం రాసే నాటికి రమాబాయికి అవి ఉన్నాయి.

మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. రమాబాయికి దైవప్రేమ శాస్త్రపు అప్పుల నుంచి విడుదల. ఊరి చివరి పేటలో ఉన్న స్త్రీకి అది మొట్టమొదటిసారి ఒక పేరుతో, ఒక బడితో, ఒక పుస్తకంతో వచ్చిన గౌరవం. కోల్పోవడానికి బ్రాహ్మణ్యం లేనిచోట కృతజ్ఞత రుచి వేరు. దాని వెల కూడా వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చి, తర్వాత సిక్కుల్నీ బౌద్ధుల్నీ చేర్చుకుని, క్రైస్తవుల్ని బయటే ఉంచింది. దేవుడు ఉచితంగా ఇచ్చాడన్నదానికి సర్కారు వెల కట్టింది. అందుకే మన ఆడవాళ్ళలో ఎంతోమంది ఆదివారం ఒక పేరుతో, సోమవారం సర్టిఫికెట్‌లో ఇంకో పేరుతో బతుకుతారు. వాళ్ళ సాక్ష్యాన్ని రమాబాయి పుస్తకంతో కొలవడం కుదరదు. ఆ విమర్శని అక్కడి నుంచి వచ్చిన స్త్రీలే రాయాలి, రాస్తున్నారు కూడా.

చివరగా మనోరమ. ఆమె గురించి విడిగా ఎవరైనా ఒక పుస్తకం రాస్తే ముందుగా కొనేదాన్ని నేనే. తల్లి ఇంగ్లండ్‌లో చదువుకుంటూ, చదువు చెప్తూ ఉన్నప్పుడు ఆ పిల్ల ఎక్కువగా వాంటేజ్‌లో సిస్టర్ల దగ్గర ఉంది. ఆమెకి ఏ ప్రార్థన నేర్పాలన్నది ఇద్దరు పెద్దవాళ్ళ ఉత్తరాల్లో యుద్ధమైంది. తల్లి తనని అందరి ఋణాల నుంచీ విడిపించుకునే పోరాటంలో ఆ పిల్ల ఒక తాకట్టు వస్తువులా రెండు వైపులా లాగబడింది. పెద్దయ్యాక చదువు ముగించుకుని ముక్తికే వచ్చి, తల్లికి కుడిభుజంగా, బడి నడుపుతూ, జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. తాత తన కూతుర్ని దేవుడికిచ్చాడు, ఆ కూతురు తన కూతుర్ని ఇచ్చింది. మొదటిదాన్ని ఇచ్చినప్పుడు ఆమె పదహారేళ్ళది, ఆ మాటని తనకి కావలసినట్టు అర్థం చేసుకునే స్వేచ్ఛ ఆమెకి దొరికింది. రెండోదానికి తల్లి కళ్ళ ముందే ఉంది.

మనోరమ 1921లో, తల్లికంటే ముందే చనిపోయింది. రమాబాయి 1922 ఏప్రిల్ 5న పోయింది. అచ్చు పని ఆగలేదు. ముక్తి స్త్రీలు మిగిలిన ఫారాలు పూర్తిచేశారు, 1924లో మరాఠీ బైబిల్ బయటికొచ్చింది.